సొంతంగా ఇన్లెట్ మానిఫోల్డ్ చేసుకోవాలంటే ఏ మెటీరియల్? ముందు వెల్డర్‌ని వెతకండి

ఇన్లెట్ మానిఫోల్డ్ అంటే ఇంజన్ సిలిండర్లకి గాలిని పంచే గొట్టాల కూర్పు. నేను చేయించిన మొదటిది పదకొండు రోజులే నిలిచింది. పాత ఎస్టీమ్ 1298 సీసీ ఇంజన్, చిత్తూరు దగ్గర మా బావ వాళ్ళ మామిడి తోటలో తిప్పుకోవడానికి కట్టుకున్న బండి. ప్లీనం, అంటే గాలి వచ్చి నిలిచే డబ్బా, 1.6 ఎంఎం అల్యూమినియం రేకుతో నలుచదరంగా చేశాం, వెల్డు పూసలు కూడా చక్కగా వరసగా పడ్డాయి. యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా పైరేకు లోపలికి లాక్కుని టక్ మనేది, అది మామూలే అనుకున్నాం. పన్నెండో రోజు ఐడిలింగ్ ఎగిసి పడడం మొదలైంది, విప్పి చూస్తే వెల్డు పక్కనే వెంట్రుకంత సన్నని పగులు, జానెడు పొడవు. ఆ తర్వాత ఇంకో రెండు చేశాం, ఒకటి ఎంఎస్, అంటే మైల్డ్ స్టీల్ (మామూలు ఇనుము) పైపుతో, ఇంకొకటి మళ్ళీ అల్యూమినియంతోనే, రెండూ బాగా నడుస్తున్నాయి. ఈ మూడింటి మీద నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే తిరుపతి, చిత్తూరు వైపు ఇంజనీరింగ్ పిల్లలు, సొంత గ్యారేజీ ఉన్నవాళ్ళు చాలామంది నేను చేసిన తప్పే చేస్తున్నారు. ముందు అంగడికి పోయి మెరిసే పైపు కొనేసి, ఆ తర్వాత దాన్ని అతికేవాడి కోసం తిరుగుతున్నారు.

ఒక మాట ముందే చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం, రిజిస్ట్రేషన్‌లో ఉన్న తయారీదారు వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా దీన్నే గట్టిగా చెప్పింది. కాబట్టి ఇది తోట బండికి, ట్రాక్ బండికి, కాలేజీ ప్రాజెక్టుకి, స్టాండు మీద పెట్టిన ఇంజన్‌కి. రోజూ రోడ్డెక్కే బండికైతే పాత కంపెనీ మానిఫోల్డే వెతికి తెచ్చుకోండి.

మొదటి పని: ఇంజన్ దగ్గర కూర్చుని నాలుగు విషయాలు రాసుకోవడం

మానిఫోల్డ్ బిగించే హెడ్, అంటే సిలిండర్ల పైభాగం, ఏ లోహమో చూడండి. అయస్కాంతం అతుక్కుంటే పోత ఇనుము, అతుక్కోకపోతే అల్యూమినియం. ఇది ఎందుకంటే వేడికి ప్రతి లోహం ఒక్కో రకంగా సాగుతుంది. 35 సెంటీమీటర్ల ఫ్లాంజ్ (మానిఫోల్డ్‌ని హెడ్‌కి బోల్టులతో బిగించే మందపాటి పట్టీ) 80 డిగ్రీలు వేడెక్కితే అల్యూమినియం దాదాపు 0.64 ఎంఎం సాగుతుంది, ఎంఎస్ 0.34 ఎంఎం, స్టెయిన్‌లెస్ 304 అయితే 0.48 ఎంఎం. అంటే అల్యూమినియం హెడ్‌కి ఎంఎస్ ఫ్లాంజ్ బిగిస్తే ఇంజన్ వేడెక్కిన ప్రతిసారీ, చల్లారిన ప్రతిసారీ మధ్యలో ఉండే ప్యాకింగ్ (గ్యాస్కెట్) మీద 0.3 ఎంఎం రుద్దుడు. ఇంతేనా అనిపిస్తుంది కానీ ఆరు నెలలకి ఆ ప్యాకింగ్ అంచులు పొడి అయిపోతాయి. దీనికి మార్గం ఉంది, కింద చెప్తాను.

రెండోది, పెట్రోలు ఎక్కడ కలుస్తుంది. కార్బురేటర్ అయితే మానిఫోల్డ్ మొత్తం లోపల పెట్రోలుతో తడుస్తుంది. ఎంపీఎఫ్ఐ, అంటే ప్రతి సిలిండర్‌కీ విడి ఇంజెక్టర్ పెట్రోలు చల్లే రకం అయితే ఇంజెక్టర్లు పోర్టు (హెడ్‌లో గాలి లోపలికి పోయే రంధ్రం) దగ్గర ఉంటాయి, ప్లీనంలో పొడి గాలే ఉంటుంది, క్రాంక్ కేసు (ఇంజన్ అడుగు భాగం) నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి తప్ప. ప్లాస్టిక్కు, ఫైబరు గురించి ఆలోచించేవాళ్ళకి అసలు తేడా ఇక్కడే. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, పాత మెకానిక్‌లు "అప్పట్లో ఇది వాడాం, ఏమీ కాలేదు" అని చెప్పేవన్నీ ఇప్పుడు పనికిరావు.

మూడోది ఎగ్జాస్ట్ ఎంత దగ్గర, కొన్ని ఇంజన్లలో రెండూ ఒకే పక్క ఉంటాయి. నాలుగోది మాత్రం మర్చిపోకండి, ప్రాణం దీని మీదే: బ్రేక్ బూస్టర్ (పెడల్ తేలిగ్గా తొక్కేలా సాయం చేసే డబ్బా) వాక్యూమ్ ఎక్కడి నుంచి తీసుకుంటోంది? పెట్రోలు బండ్లలో చాలావరకు ఇన్లెట్ మానిఫోల్డ్ నుంచే. మానిఫోల్డ్ పగిలితే ఐడిలింగ్ చెడడమే కాదు, బ్రేకు రాయిలా గట్టిపడుతుంది. మా మొదటిది పగిలింది చదును నేల మీద కాబట్టి సరిపోయింది, తోటలో కాలువ వైపు దిగుడు ఉంది, అక్కడైతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ.

రెండో పని: వెల్డర్

గ్రిల్లులు, గేట్లు చేసే ఆర్క్ వెల్డింగ్ షాపు ప్రతి సందులో ఉంటుంది. ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) రైలింగ్ చేసేవాళ్ళ దగ్గర ఆర్గాన్ వెల్డింగ్, అంటే టిగ్ మిషన్ ఉంటుంది. కానీ రైలింగ్ షాపు మిషన్లు ఎక్కువగా డీసీ మాత్రమే, వాటితో ఎస్ఎస్, ఎంఎస్ అతుకుతాయి, అల్యూమినియం అతకదు. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, దాని మీద పట్టిన ఆక్సైడ్ పొర మాత్రం 2000 డిగ్రీలు దాటితే గాని కరగదు. ఏసీ కరెంటులోనే ఆ పొర పగులుతూ కింద లోహం కలుస్తుంది. కాబట్టి షాపులో అడగాల్సిన మొదటి ప్రశ్న, "అన్నా, మీ టిగ్ మిషన్ ఏసీ కూడా ఉందా?" ఉంది అంటే రెండో ప్రశ్న, "అల్యూమినియంకి ఏ రాడ్డు వాడతారు?" 4043 అంటే మంచిది. 5356 కూడా బాగానే అతుకుతుంది, బలం కాస్త ఎక్కువే, కానీ అందులో మెగ్నీషియం ఎక్కువ కాబట్టి 65 డిగ్రీలు దాటిన వేడిలో నిత్యం ఉండే చోటికి మంచిది కాదు, కాలం గడిచేకొద్దీ పగుళ్ళు తెస్తుంది. మానిఫోల్డ్ ఆ వేడిలోనే బతుకుతుంది.

మాటతో ఆగకండి. 3 ఎంఎం ముక్కలు రెండు తీసుకెళ్ళి టీ ఆకారంలో అతికించమనండి, చల్లారాక వైస్‌లో పెట్టి సుత్తితో విరగ్గొట్టండి. విరిగిన చోట సూదిరంధ్రాలు, నల్లటి మసి కనిపిస్తే, లేదా వెల్డు పూస రేకు మీద నుంచి ఊడి వచ్చేస్తే ఆ షాపుకి దండం పెట్టి వచ్చేయండి. మంచి వెల్డర్ ఈ పరీక్షకి కోపం తెచ్చుకోడు, మాకు దొరికినాయన తానే రెండు ముక్కలు వెతికి ఇచ్చాడు. ముక్కల్ని అసిటోన్‌తో తుడిచి, కొత్త స్టెయిన్‌లెస్ బ్రష్‌తో రుద్దాకే మొదలుపెట్టాడంటే ఆయనకి పని తెలిసినట్టే. ఇనుము రుద్దిన బ్రష్‌తోనే అల్యూమినియం రుద్దేవాళ్ళని వదిలేయండి.

ఏసీ టిగ్ తెలిసినవాళ్ళు దొరికితే అల్యూమినియం. దొరక్కపోతే మొహమాటపడకుండా ఎంఎస్. నా అభిప్రాయం ఇదే, మిగతాదంతా దీనికి వివరం.

మూడో పని: మెటీరియల్ ఎంచుకోవడం

అల్యూమినియంలో 6061 గ్రేడ్ అడగండి, దొరక్కపోతే 6063. రెండూ బాగా అతుకుతాయి. రేకుని వంచి ప్లీనం చేయాలంటే 5052 ఇంకా మెత్తగా వంగుతుంది. 2024, 7075 అని ఎవరైనా "విమానాల అల్యూమినియం, చాలా బలం" అని అమ్మజూపితే తీసుకోవద్దు, బలం నిజమే కానీ మామూలు వెల్డింగ్‌కి అవి పగిలిపోతాయి. తిరుపతిలో అడిగితే చాలాచోట్ల కిటికీల సెక్షనే చూపిస్తారు. అది 6063 రకమే, కానీ గోడ మందం ఒకటి, ఒకటిన్నర ఎంఎం మించదు, పైన ఆనోడైజింగ్ పొర ఉంటుంది, దాన్ని గ్రైండ్ చేసి పూర్తిగా తీయకపోతే వెల్డు పట్టదు. గ్రేడ్ రాసి ఉన్న ప్లేటు, ట్యూబు కావాలంటే నేను సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై ప్యారిస్ కార్నర్ వైపు అంగళ్ళకి పోయి తెచ్చుకున్నాను. టెస్ట్ సర్టిఫికెట్ జిరాక్స్ అడగండి, ఇస్తారు. చిత్తూరు వాళ్ళకి వేలూరు పక్కనే, అక్కడా అడిగి చూడొచ్చు.

తూకం అంగడిలో దొరికే పేరు తెలియని అల్యూమినియం ముక్క చవకే. అది వెల్డర్ సమయాన్ని, మీ ఆర్గాన్ డబ్బునీ తినేస్తుంది. వద్దు. పాత కంపెనీ మానిఫోల్డ్ పాడైనది ఉంటే మాత్రం పారేయకండి, దాని ఫ్లాంజ్ వరకు కోసి తీసుకుంటే పోర్టు ఆకారం, బోల్టు రంధ్రాలు అన్నీ కంపెనీ కొలతలోనే వస్తాయి, ఆ పోత అల్యూమినియం 4043 రాడ్డుతో 6061 ట్యూబుకి చక్కగా అతుకుతుంది. ఆయిల్ నాని ఉంటుంది కాబట్టి ముందు బాగా కడిగి, వేడి చేసి, మళ్ళీ తుడవాలి. చెన్నై పుదుపేటలో పాత మానిఫోల్డులు వెతికితే దొరుకుతాయి. నాకు అన్నిటికన్నా నచ్చిన దారి ఇదే.

అల్యూమినియం గురించి ఇంకొక్క మాట, టీ6 (వేడి చేసి బలం పెంచిన రకం) అని రాసి ఉన్నా వెల్డు పక్కన ఆ బలం సగానికి పడిపోతుంది. మా పగులు వచ్చింది సరిగ్గా అక్కడే, పూస మీద కాదు, పూస పక్కన. అందుకే ప్లీనం కింద ఇంజన్ బ్లాకుకి ఒక ఊతం పట్టీ తప్పకుండా పెట్టాలి, కంపెనీ వాళ్ళు పెట్టేది అందం కోసం కాదు.

ఎంఎస్ అంటే చాలామంది చిన్నచూపు చూస్తారు, బరువు అంటారు. లెక్క వేసి చూడండి. 25 సెంటీమీటర్ల రన్నర్లు (ప్లీనం నుంచి ఒక్కో పోర్టుకి పోయే గొట్టాలు) నాలుగు, 38 ఎంఎం బయటి కొలత, 2 ఎంఎం గోడ: అల్యూమినియంలో సుమారు 600 గ్రాములు, ఎంఎస్‌లో 1.8 కేజీలు. ఎంఎస్‌కి 1.6 ఎంఎం గోడ చాలు కాబట్టి 1.45 కేజీలకి తగ్గుతుంది. తోట బండికి ఆ కేజీ లెక్కలోకే రాదు. తప్పు చేస్తే కోసి మళ్ళీ అతకొచ్చు, ప్రతి వెల్డర్‌కీ తెలిసిన లోహం. దాని అసలు సమస్య వేరే, లోపలి నుంచి రాలిపడే చెత్త. ఆర్క్ రాడ్డుతో అతికితే లోపల స్లాగ్ పెంకులు, చిటపట రవ్వలు అంటుకుని ఉంటాయి, అవి ఎయిర్ ఫిల్టర్ దాటిన తర్వాత ఉన్నాయి కాబట్టి ఊడితే నేరుగా సిలిండర్లోకే పోతాయి. వాల్వు సీటు కింద ఒక్క రవ్వ ఇరుక్కుంటే చాలు. అందుకని ఎంఎస్‌కి కూడా టిగ్ పెట్టించండి, రైలింగ్ షాపు డీసీ మిషన్ దీనికి సరిపోతుంది. లోపల పెయింటు వద్దు, పెట్రోలు తగిలి పొరలు పొరలుగా లేస్తుంది. బయట వేయండి, లోపల పల్చగా ఆయిల్ పూసి దాచండి.

పైపు కొనేటప్పుడు ఒక చిక్కు ఉంది. నీళ్ళ పైపు "ఒకటింపావు ఇంచి" అంటే దాని బయటి కొలత 42.4 ఎంఎం, గోడ 3.2 ఉంటే లోపల 36. ఫర్నిచర్ ట్యూబు "ఒకటిన్నర ఇంచి" అంటే బయటి కొలతే 38. రెండూ ఒకటే అనుకుని కొంటే పోర్టు దగ్గర మెట్టు పడుతుంది. కాలిపర్ జేబులో పెట్టుకుని పోండి.

జీఐ (జింకు పూత వేసిన) పైపు ముట్టుకోవద్దు. అతికేటప్పుడు జింకు పొగ పీల్చినవాడికి ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది, లోపలి జింకు పొర కూడా ఊడుతూనే ఉంటుంది.

స్టెయిన్‌లెస్ మన ఊళ్ళలో సులువుగా దొరుకుతుంది, రైలింగ్ పైపు 38 ఎంఎం ప్రతి షాపులో ఉంటుంది, తుప్పు భయం లేదు. అయితే 304 అని అమ్మేది చాలాసార్లు 202 ఉంటుంది, గోడ 1.2 ఎంఎం ఉంటుంది. ఈ పనికి 202 కూడా ఓర్చుకుంటుంది, కనీసం 1.5 ఎంఎం గోడ మాత్రం అడగండి. అతికేటప్పుడు పైపు లోపల కూడా ఆర్గాన్ నింపాలి, లేకపోతే వెనకవైపు వెల్డు చక్కెర పాకం గడ్డకట్టినట్టు నల్లగా గరుకుగా తేలి తర్వాత పెళుసుగా రాలుతుంది. రెండు చివరలా టేపు వేసి చిన్న గొట్టంతో గ్యాస్ వదిలితే చాలు, కానీ రైలింగ్ పనిలో ఎవరూ అలా చేయరు కాబట్టి పక్కన నిలబడి చెప్పి చేయించుకోవాలి. మందపాటి ఎస్ఎస్ ఫ్లాంజ్ వెల్డు వేడికి బాగా మెలిపడుతుంది, డ్రిల్లు బిట్లు అరిగిపోతాయి.

ఇక ప్లాస్టిక్కు. కంపెనీ మానిఫోల్డులు ప్లాస్టిక్కే కదా అని అడుగుతారు. అవి గాజు నారలు కలిపిన నైలాన్, కరిగే వేడి 220 నుంచి 260 డిగ్రీలు, పెద్ద అచ్చుల్లో పోసినవి. ఇంటి 3డీ ప్రింటర్‌లో వాడే పీఎల్ఏ 60 డిగ్రీలకే మెత్తబడుతుంది, మే నెలలో తిరుపతి ఎండలో బానెట్ మూసి నిలిపిన బండిలో ఇంజన్ ఆపాక వచ్చే వేడికి అది నిలవదు. ఏబీఎస్ 105 దాకా వస్తుంది కానీ పెట్రోలు దాన్ని తినేస్తుంది. పీవీసీ పైపు 80 డిగ్రీలకే మెత్తబడుతుంది, దాని గురించి ఇంకేం చెప్పను, వాడొద్దు. ఫైబర్ గ్లాస్ వాడాలనుకుంటే పాలియెస్టర్ రెసిన్ వద్దు, ఇథనాల్ దాన్ని నానబెట్టి మెత్తబరుస్తుంది. ఎపాక్సీ కూడా మామూలు గది వేడిలో గట్టిపడినది 50, 60 డిగ్రీల దగ్గరే వదులవుతుంది, ఓవెన్‌లో మళ్ళీ కాల్చాలి. ఫార్ములా స్టూడెంట్ (కాలేజీ విద్యార్థుల రేసుబండి పోటీ) బండ్లు చేసే పిల్లలు గాజు నైలాన్ ప్రింట్ చేసి ఎపాక్సీ పూసి, హెడ్ దగ్గర మాత్రం అల్యూమినియం ఫ్లాంజ్ పెడతారు, ఎంపీఎఫ్ఐ ఇంజన్‌కి అది తెలివైన పనే. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఆ పోటీలో పెట్రోలు బండ్లకి గాలంతా 20 ఎంఎం సన్నని రిస్ట్రిక్టర్ గుండానే పోవాలనే నిబంధన ఉంది కాబట్టి మీ ప్లీనంలో ఫుల్ థ్రాటిల్‌లో కూడా వాక్యూమ్ లాగుతుంది.

నాలుగో పని: మందం

ఐడిలింగ్‌లో మానిఫోల్డ్ లోపలి ఒత్తిడి బయటి గాలిలో మూడో వంతుకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. మిగిలినదంతా బయటి నుంచి నొక్కే బరువే, చదరపు సెంటీమీటరుకి సుమారు 0.65 కేజీలు. 30 సెంటీమీటర్ల పొడవు, 15 వెడల్పు ఉన్న ఒక్క పైరేకు మీద దాదాపు 290 కేజీలు, అంటే 25 కేజీల బియ్యం మూటలు పదకొండు పైచిలుకు. యాక్సిలరేటర్ తొక్కితే ఆ బరువు పోతుంది, వదిలితే మళ్ళీ వచ్చి పడుతుంది, రోజుకి కొన్ని వందల సార్లు. ఈ లెక్క ముందే వేసి ఉంటే మా 1.6 ఎంఎం రేకుని నేను కొనేవాడినే కాదు.

అల్యూమినియం ప్లీనంకి 3 ఎంఎం రేకు, చదును పక్కల లోపల అడ్డపట్టీలు. అంతకన్నా మంచిది గుండ్రని పెద్ద ట్యూబునే ప్లీనంగా వాడడం, గుండ్రనిది తన ఆకారంతోనే ఆగుతుంది, చివరలకి మాత్రం 5 ఎంఎం బిళ్ళలు. రన్నర్లకి 2 నుంచి 3 ఎంఎం. ఎంఎస్ అయితే ప్లీనం 2 ఎంఎం, రన్నరు 1.6. ఫ్లాంజ్ అల్యూమినియంలో 12 ఎంఎం, ఎంఎస్‌లో 10, లేతు మీద చదును చేయడానికి ఇంకో ఒకటిన్నర ఎంఎం ఎక్కువ ఉంచుకోండి.

ఐదో పని: ఫ్లాంజ్, ప్యాకింగ్, రబ్బరు

వెల్డింగ్ చేసేటప్పుడు ఫ్లాంజ్‌ని పాత హెడ్‌కో, 20 ఎంఎం ఇనుప దిమ్మకో బిగించి, పూర్తిగా చల్లారేదాకా విప్పకుండా ఉంచాలి. తర్వాత మిల్లింగ్ చేయించాలి. చదును చూసుకోవడానికి మా చిత్తూరు వైపు మంచి వీలుంది, గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిష్ పట్టిన మందపాటి రాయి ముక్క. దాని మీద ఫ్లాంజ్ బోర్లించి ఫీలర్ గేజి తోసి చూడండి, 0.1 ఎంఎం ఆకు ఎక్కడా దూరకూడదు.

అల్యూమినియం హెడ్‌కి ఎంఎస్ మానిఫోల్డ్ పెట్టేవాళ్ళు నేను పైన చెప్పిన సాగుడికి ఇలా చేయండి: నాలుగు పోర్టులకి ఒకే పొడవాటి పట్టీ కాకుండా, వెల్డింగ్ అయ్యాక మధ్యలో కోసి విడి ఫ్లాంజ్‌లు చేయండి, 8 ఎంఎం స్టడ్‌కి 9 ఎంఎం రంధ్రం వేయండి, చివరి రెండింటిని కాస్త కోలగా లాగండి. రెండేళ్ళుగా మా ఎంఎస్ మానిఫోల్డ్ ప్యాకింగ్ మార్చలేదు.

ప్యాకింగ్ ఆస్బెస్టాస్ లేని జాయింటింగ్ షీటు, ఒక ఎంఎం. మామూలు సిలికాన్ పేస్టు పెట్రోలు తగిలే చోట వద్దు, ఉబ్బి ఊడుతుంది. కార్బురేటర్ కింద 8 ఎంఎం హైలం (వేడిని ఆపే గట్టి రెసిన్ షీటు) ముక్క పెడితే హెడ్ వేడి పైకి రాదు, ఎండాకాలం వేడి మీద స్టార్ట్ కాకపోవడం చాలా తగ్గుతుంది. సిలికాన్ హోస్ థ్రాటిల్‌కి (యాక్సిలరేటర్‌తో తెరుచుకునే గాలి తలుపుకి) ముందు, ఉత్త గాలి పోయే చోట మాత్రమే. ఇంజెక్టర్ ఓ రింగులు వైటాన్ (పెట్రోలుకి తట్టుకునే రబ్బరు) రకం. బ్రేక్ బూస్టర్ గొట్టం గోడ మందంగా ఉన్నది, పాత వన్ వే వాల్వుతో సహా.

ఆఖరి పని: పరీక్ష

పాతకాలం ట్యాంకులు చేసేవాళ్ళ పద్ధతి ఇప్పటికీ దీన్ని మించింది లేదు. వెల్డు బయటవైపు సుద్ద నీళ్ళు పూసి ఆరనిచ్చి, లోపలివైపు కిరోసిన్ రాయండి. పావుగంటలో ఎక్కడైనా రంధ్రం ఉంటే తెల్ల సుద్ద మీద తడి మచ్చ లేస్తుంది. తర్వాత పోర్టులన్నీ రబ్బరు, ప్లేటు పెట్టి మూసి సైకిల్ పంపుతో 4, 5 పీఎస్ఐ గాలి కొట్టి సబ్బు నురగ పూయండి. కంప్రెసర్‌తో మాత్రం వద్దు, చదును ప్లీనం పగిలితే ముఖానికి తగులుతుంది. మచ్చ వచ్చిన చోట పుట్టీ మెత్తకండి, కోసి మళ్ళీ అతికించండి.

బిగించే ముందు వేడి నీళ్ళు, సర్ఫ్, బాటిల్ బ్రష్, తర్వాత తెల్ల గుడ్డ లోపల నుంచి లాగడం, గుడ్డకి ఒక్క నల్ల రేణువు అంటినా మళ్ళీ మొదటి నుంచి. నేను రెండో మానిఫోల్డ్‌కి ఇది ఏడుసార్లు చేశాను.

స్టార్ట్ చేశాక ఐడిలింగ్‌లో జాయింట్ల మీద నీళ్ళు సన్నగా స్ప్రే చేయండి, శబ్దం మారితే అక్కడ గాలి లాగుతోంది. ఆ తర్వాత బ్రేకు: ఇంజన్ ఆపి పెడల్ గట్టిపడే దాకా నాలుగైదుసార్లు తొక్కి, అలాగే తొక్కి పట్టుకుని స్టార్ట్ చేయండి, పెడల్ కాలి కింద కాస్త దిగాలి. దిగకపోతే బండిని కదపొద్దు. మొదటి రెండుమూడు సార్లు ఇంజన్ వేడెక్కి పూర్తిగా చల్లారాక నట్లు మళ్ళీ సరిచూసి, టార్చి వేసి ప్లీనం అంచున వెల్డు పూస పక్కన, పూస మీద కాదు, ఆ పక్కన గీత ఏమైనా మొదలైందేమో చూడండి.